సింగిల్ బౌలా, డబుల్ బౌలా? వంటింటి సింకు ఎంచుకునే పద్ధతి

షోరూంలో డబుల్ బౌల్ సింకు కనబడితే ఎవరి మనసైనా అటే లాగుతుంది. ఒకటికి రెండు వస్తున్నాయి కదా అనిపిస్తుంది. నిజానికి రెండు రావు. గట్టు కింద జాగా ఎంతుందో అంతే ఉంటుంది, దాని నడుమ గోడ కడితే ఉన్నదే రెండు ముక్కలవుతుంది. ఆ గోడతో మీ పని తేలికవుతుందా, లేక పెద్ద గిన్నె పట్టక రోజూ తంటా అవుతుందా అన్నది తేల్చుకోవాలి. జాగా, పాత్రలు, తోమే తీరు ఈ వరసలో చూసుకుంటూ వెళ్తే చాలామందికి మూడో మెట్టు దాటకముందే జవాబు దొరుకుతుంది. మిగతా మెట్లు ఆ జవాబును సరిగ్గా బిగించుకోవడానికి.

ఒక మాట ముందే. సింకు కొనేది ఒకరు, రోజూ దాని ముందు నిలబడేది మరొకరు అయితే ఈ కొలతలన్నీ నిలబడే మనిషితోనే తీయించండి.

మెట్టు 1: టేపు గట్టు కింద పెట్టండి

సింకు సైజు అంటే అంచులతో కలిపిన బయటి కొలత. అది పట్టాల్సింది మాత్రం క్యాబినెట్ లోపల. 36 అంగుళాల క్యాబినెట్ అన్నప్పుడు అదీ బయటి కొలతే. రెండు పక్కలా 18 మిల్లీమీటర్ల పలకలు పోగా లోపల మిగిలేది 34½ అంగుళాలు. రాయి కింద నుంచి బిగించే అండర్‌మౌంట్ రకమైతే క్లిప్పులకూ బిగించేవాళ్ల చెయ్యి దూరడానికీ కలిపి మరో అంగుళంన్నర పోతుంది. అంటే 36 అంగుళాల క్యాబినెట్‌లో హాయిగా కూర్చునేది 33 అంగుళాల సింకు. పైనుంచి దించే టాప్‌మౌంట్ రకానికి ఇంత ఖాళీ అక్కర్లేదు గానీ, దాని బౌల్ గోడలు పలకలకు రాసుకోకుండా చూసుకోవాలి. కింద చెక్క బదులు గోడలుంటే, పూత పూశాక గోడకీ గోడకీ మధ్య మిగిలిన జాగానే లెక్క.

తర్వాత ముందు నుంచి వెనక్కి. గట్టు 24 అంగుళాలు ఉందనుకోండి. వెనక కుళాయికి మూడున్నర అంగుళాలు, ముందు అంచున రెండున్నర అంగుళాల రాయి వదిలితే సింకుకు మిగిలేది 18. ముందు పట్టీని ఇంకా సన్నం చేస్తే రాయి మోసుకొచ్చేటప్పుడో బిగించేటప్పుడో అక్కడే చిట్లుతుంది. అందుకే ముందు నుంచి వెనక్కి 20, 22 అంగుళాలున్న సింకు చూసి ముచ్చటపడే ముందు గట్టు కొలత చూసుకోండి.

ఇంకా పక్కల సంగతి. కడిగినవి ఒకవైపు, కడగాల్సినవి ఒకవైపు పెట్టుకోవడానికి గట్టు కావాలి. అమెరికాలోని నేషనల్ కిచెన్ అండ్ బాత్ అసోసియేషన్ సింకుకు ఒకవైపు 24 అంగుళాలు, రెండోవైపు 18 అంగుళాల ఖాళీ గట్టు ఉండాలని సూచిస్తుంది. చిన్న వంటగదిలో అంత కుదరకపోవచ్చు, కానీ సింకు 8 అంగుళాలు పెరిగితే కూరగాయలు తరుక్కునే గట్టు 8 అంగుళాలు తగ్గుతుందన్న లెక్క ఎక్కడైనా ఒకటే.

క్యాబినెట్ లోపలి కొలత 30 అంగుళాల కంటే తక్కువ వచ్చిందా? ఇక ఆలోచన వద్దు, సింగిల్ బౌల్ తీసుకోండి. అంత జాగాలో డబుల్ పెడితే అంచులూ నడిమి గోడా పోగా ఒక్కో బౌల్‌కు 12 అంగుళాలు మిగులుతాయి. అందులో పళ్లేలు పడతాయి, కుక్కర్ పట్టదు.

మెట్టు 2: ఇంట్లో అన్నిటికంటే పెద్ద పాత్ర బయటికి తీయండి

రోజూ వాడే గిన్నెలు ఏ సింకులోనైనా పడతాయి. పరీక్ష పెట్టేది అటక మీది పెద్ద గిన్నె, పొడుగు పిడి ఉన్న పెనం, ఓవెన్ ట్రే. వాటిని కిందికి దించి, మూతి వెడల్పు, పిడి చివరిదాకా పొడవు, ట్రే పొడవు వెడల్పులు రాసుకోండి.

మామూలుగా దొరికే 37 అంగుళాల సమాన డబుల్ బౌల్‌లో ఒక్కో బౌల్ లోపల 16, 16½ అంగుళాలు ఉంటుంది. 12 అంగుళాల గిన్నె అందులో పెడితే చుట్టూ రెండేసి అంగుళాలు మిగులుతాయి. పీచు పట్టుకున్న చెయ్యి గిన్నె బయటి వైపు తిరగాలంటే కనీసం మూడు అంగుళాలు కావాలి. ఆ గిన్నెను తోమలేరని కాదు, ఎత్తి ఒక పక్కకు వంచి, సగం సగం తిప్పుతూ తోమాలి. బరువైన గిన్నెకు అది మణికట్టు మీద పడే పని.

ట్రేతో ఇంకో చిక్కు. 18 అంగుళాల పొడవు, 13 అంగుళాల వెడల్పు ఉన్న ట్రే 16 అంగుళాల బౌల్‌లో పడుకోదు. ఒక అంచు బౌల్‌లో, ఇంకో అంచు గట్టు మీద ఆనించి పెట్టాల్సి వస్తుంది. కుళాయి తిప్పగానే నీళ్లు ట్రే మీద జారి పై అంచు నుంచి గట్టు మీదికి, అక్కడి నుంచి మీ పొట్ట మీదికి వస్తాయి. 30 అంగుళాల సింగిల్ బౌల్‌లో లోపల సుమారు 28 అంగుళాల పొడవు, 16 అంగుళాల వెడల్పు ఉంటుంది కాబట్టి అదే ట్రే చదునుగా పడుకుంటుంది.

కాగితం మీది కొలతలతో ఊహ సరిగ్గా కుదరదు. పాత అట్టపెట్టె ఒకటి తీసుకుని, మీరు అనుకుంటున్న బౌల్ లోపలి కొలతకు కత్తిరించి, 9 అంగుళాల ఎత్తు గోడలు ఉంచి, బల్ల మీద పెట్టండి. అందులో మీ పెద్ద గిన్నె పెట్టి చుట్టూ చెయ్యి తిప్పండి. గిన్నెను బోర్లించండి, మళ్లీ నిలబెట్టండి. అట్ట గోడలకు మోచెయ్యి తగులుతోందంటే స్టీలు గోడలకూ తగులుతుంది. ఈ పని చేసిన చాలామంది డబుల్ బౌల్ ఆలోచన అక్కడికక్కడే మార్చుకుంటారు, లేదా ఒక బౌల్ పెద్దదిగా ఉండాలని తెలుసుకుంటారు.

మెట్టు 3: మీరు అంట్లు ఎలా తోముతారు?

అసలు నిర్ణయం ఇక్కడే. ఇంటింటికీ తోమే పద్ధతి వేరు, ఆ పద్ధతి మారడం కష్టం. కొత్త సింకు వచ్చాక కొత్త అలవాటు చేసుకుంటామని అనుకోకండి.

కుళాయి కింద ఒక్కో గిన్నె పట్టుకుని తోమి, అక్కడే కడిగి, పక్కన బోర్లించే వాళ్లకు సింగిల్ బౌల్ చక్కగా సరిపోతుంది. వీళ్లకు రెండో బౌల్ చాలా వరకు ఖాళీగా ఉంటుంది, లేదంటే మరునాటి అంట్లకు గోదాం అవుతుంది. ఈ పద్ధతిలో నీళ్లు ఎక్కువ పోతాయి. నిమిషానికి 8 లీటర్లు వదిలే కుళాయిని పది నిమిషాలు తెరిచి ఉంచితే 80 లీటర్లు.

సబ్బు నీళ్లు పట్టి అందులో తోమి, వేరే మంచినీళ్లలో ముంచి తీసేవాళ్లకే డబుల్ బౌల్ పుట్టింది. ఒకదాంట్లో సబ్బు, ఒకదాంట్లో మంచినీళ్లు. హోటళ్ల వంటశాలల్లో దీన్నే ఇంకో మెట్టు పెంచి మూడు తొట్లు పెడతారు: తోమడానికొకటి, కడగడానికొకటి, క్రిమిసంహారక ద్రావణంలో ముంచడానికొకటి. చేత్తో అంట్లు తోమే చోట కనీసం మూడు అరలుండాలని అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ (ఎఫ్‌డీఏ) ఫుడ్ కోడ్ చెబుతుంది. ఇంట్లో మూడో అర అక్కర్లేదు, రెండు చాలు. 16 అంగుళాల చదరపు బౌల్‌లో 5 అంగుళాల ఎత్తు నీళ్లు పడితే 21 లీటర్లు, రెండింటికీ కలిపి 42. తోమడం మధ్యలో కడిగే నీళ్లు ఒకసారి మార్చినా పారే కుళాయి కంటే తక్కువే. అదే 28 అంగుళాల సింగిల్ బౌల్‌లో 5 అంగుళాలు పట్టాలంటే ఒక్కసారికే 37 లీటర్లు కావాలి, పైగా కడగడానికి ఇంకో చోటు ఉండదు. నీళ్ల కరువున్న ఇంట్లో ఈ లెక్క చిన్నది కాదు.

అయితే సింగిల్ బౌల్ వాళ్లకూ ఒక దారి ఉంది. 12 లీటర్లు పట్టే ప్లాస్టిక్ తొట్టి ఒకటి బౌల్‌లో ఒక పక్కన పెట్టుకుంటే అదే రెండో బౌల్. సబ్బు నీళ్లు తొట్టిలో, కడగడం పక్కన. పెద్ద గిన్నె తోమాలంటే తొట్టి తీసి పక్కన పెడితే మొత్తం జాగా మళ్లీ మీదే. స్టీలు గోడను అలా తీసి పక్కన పెట్టలేం. ఈ ఒక్క సంగతి వల్లే, సరిగ్గా తేలని ఇళ్లలో నేను సింగిల్ వైపు మొగ్గుతాను.

డిష్‌వాషర్ ఉన్న ఇంట్లో లెక్క ఇంకా తేలిక. పళ్లేలు, గ్లాసులు, చిన్న గిన్నెలు యంత్రంలోకి వెళ్తాయి. చేతికి మిగిలేది అందులో పట్టనివి, పెట్టకూడనివి: పెద్ద గిన్నెలు, ఇనుప పెనాలు, చెక్క పలకలు. అంటే పెద్ద వస్తువులే. వాటికి వెడల్పైన ఒకే బౌల్ కావాలి.

మరి డబుల్ బౌల్‌కు గట్టి వాదన లేదా అంటే, ఉంది. సింకు నిండా అంట్లు ఉన్నప్పుడు పాలగిన్నె పొంగిందనుకోండి, లేదా ఉడికించిన నీళ్లు వంపాల్సి వచ్చిందనుకోండి, లేదా పిల్లవాడు చేతులు కడుక్కోవడానికి వచ్చాడనుకోండి. సింగిల్ బౌల్ ఇంట్లో ఆ నీళ్లన్నీ ఎంగిలి గిన్నెల మీద పోయాలి. డబుల్ బౌల్ ఇంట్లో రెండో పక్క ఎప్పుడూ తెరిచి ఉంటుంది. వెంటనే తోమేసే అలవాటు లేని ఇళ్లకు, ఇద్దరు ఒకేసారి వంటింట్లో పనిచేసే ఇళ్లకు ఇది రోజుకు నాలుగైదుసార్లు అక్కరకొచ్చే సౌకర్యం. తోమిన గిన్నెలు ఆరబెట్టే బుట్ట రెండో బౌల్‌లో పెట్టుకుంటే గట్టు తడవదు, వచ్చిన వాళ్లకు కనబడదు కూడా.

పచ్చి మాంసం తగిలిన కత్తి, పలక ఒక బౌల్‌లో, తినే కూరగాయలు ఇంకో బౌల్‌లో అనే విభజన కూడా చెబుతారు. మంచిదే, కానీ నడిమి గోడను నమ్మి ఊరుకోకండి. కుళాయి ధార తగిలి చిమ్మిన నీళ్లు గోడ దాటి అటు పడతాయి. వాడాక సబ్బుతో రెండు బౌళ్లూ రుద్ది కడగాల్సిందే.

మెట్టు 4: డబుల్ అని తేలితే, సమానంగా తీసుకోకండి

షోరూంలో ఎక్కువగా కనబడేది రెండు బౌళ్లూ ఒకే సైజున్న రకం. చూడటానికి అందంగా ఉంటుంది. వాడకంలో నాకు అన్నిటికంటే నచ్చనిది అదే, ఎందుకంటే పెద్ద గిన్నె రెంటిలో దేనిలోనూ పట్టదు. 60-40, 70-30 విభజనలో వచ్చేవి అడగండి. పెద్ద బౌల్‌లో మీ అట్టపెట్టె పరీక్ష నెగ్గిన కొలత ఉండాలి. మిగిలిన దాంతో చిన్న బౌల్. చిన్నది 10, 11 అంగుళాలున్నా నీళ్లు వంపడానికి, చేతులు కడగడానికి, కూరగాయలు కడిగి చిల్లుల బుట్టలో వేయడానికి చాలు. మీ రెండు బౌళ్లూ ముంచి తోమడానికే అయితే, క్యాబినెట్ లోపల 45 అంగుళాల పైన జాగా ఉంటే, అప్పుడు సమానమైనవి పెట్టుకోవచ్చు. అంత జాగాలో రెండూ పెద్దవిగానే వస్తాయి.

పొట్టి గోడ ఉన్న డబుల్ బౌల్ అని ఇంకో రకం ఉంది. నడిమి గోడ గట్టు దాకా రాకుండా సగం ఎత్తులో ఆగిపోతుంది. పొడుగు పిడి పెనాన్ని ఆ గోడ మీదుగా అడ్డంగా పెట్టుకోవచ్చు. కింద రెండు చోట్లా విడివిడిగా నీళ్లు పట్టుకోవచ్చు. ఒక బౌల్‌లో నీళ్లు పోయే జాలి మూసుకుపోతే నీళ్లు గట్టు మీదికి కాకుండా పక్క బౌల్‌లోకి పొర్లుతాయి. సింగిల్, డబుల్ మధ్య ఊగిసలాడే వాళ్లకు ఇది మంచి రాజీ. కాకపోతే సబ్బు నీళ్లు గోడ ఎత్తు దాకా నింపారో, కడిగే నీళ్లలో కలుస్తాయి.

చిన్న బౌల్ ఎటువైపు ఉండాలో ఆర్డర్ ఇచ్చేటప్పుడే చెప్పాలి. కుడిచేతివాటం వాళ్లు సాధారణంగా కుడిచేత్తో పీచు, ఎడమచేత్తో గిన్నె పట్టుకుంటారు. తోమిన గిన్నె ఎడమచేతిలో ఉంటుంది కాబట్టి కడిగే బౌల్, ఆరబెట్టే బుట్ట ఎడమవైపు ఉంటే చేతులు అడ్డం పడవు. ఎడమచేతివాటమైతే తిరగేసుకోండి. ఒకవైపు గోడ ఉండి గట్టు రెండోవైపే ఉన్న ఇంట్లో మాత్రం ఈ సూత్రం వదిలేసి, కడిగే బౌల్ గట్టు ఉన్న వైపు పెట్టుకోండి.

మెట్టు 5: లోతు చూసి మోసపోకండి

లోతైన సింకులో అంట్లు దాగుతాయి, నీళ్లు చిమ్మవు. నిజమే. కానీ గట్టు 36 అంగుళాల ఎత్తుండి, రాయి మందం దాదాపు అంగుళం, సింకు లోతు 10 అంగుళాలైతే, మీరు తోమే అడుగు నేల నుంచి 25 అంగుళాల ఎత్తులో ఉంటుంది. పొడుగు మనిషి రోజూ అరగంట నడుం వంచి నిలబడాలి. 8 అంగుళాల లోతైతే 27 అంగుళాలు. ఆ రెండు అంగుళాల తేడా నడుముకు తెలుస్తుంది.

పరీక్ష ఇలా చేయండి. నేల నుంచి 25 అంగుళాల ఎత్తు వచ్చేలా స్టూలు మీద పుస్తకాలో పెట్టెలో పేర్చి, పైన ఒక గిన్నె పెట్టి, అయిదు నిమిషాలు తోముతున్నట్టు చేతులు కదపండి. తర్వాత 27 అంగుళాలకు పెంచి మళ్లీ చేయండి. ఏది హాయిగా ఉంటే మీ సింకు లోతు అది. నా మటుకు 8, 9 అంగుళాలు చాలామందికి సరిపోతుంది. ఇప్పటికే లోతైనది ఉంటే అడుగున స్టీలు గ్రిడ్ వేసుకోండి, అంగుళం దాకా పైకి వస్తుంది, అడుగున గీతలు కూడా పడవు.

డబుల్ బౌల్‌లో చిన్నది తక్కువ లోతుతో వచ్చే మోడళ్లు ఉంటాయి. అవి మంచివి. చేతులు కడిగే చోట లోతెందుకు?

మెట్టు 6: కుళాయి రెండు వైపులా అందుతుందా

డబుల్ బౌల్ కొని, దానికి చాలని కుళాయి పెట్టించి ఇబ్బంది పడేవాళ్లు తక్కువేం కాదు. కుళాయి మూతి పొడవు మామూలుగా 8, 9 అంగుళాలు. దాని మొదలు సింకు వెనక రెండు అంగుళాల దూరంలో రాయి మీద ఉంటుంది. 9 అంగుళాల కుళాయిని తిన్నగా ముందుకు పెడితే, డబుల్ బౌల్‌లో నీళ్లు సరిగ్గా నడిమి గోడ మీద పడతాయి. 45 డిగ్రీలు పక్కకు తిప్పితే, నీళ్లు గోడ నుంచి దాదాపు 6 అంగుళాలు అవతల, బౌల్ వెనక అంచు నుంచి నాలుగున్నర అంగుళాలు ముందుకు పడతాయి. 16 అంగుళాల బౌల్‌కు అది ఫరవాలేదు. ఇంకా పక్కకు తిప్పి బౌల్ నడుమకు తేవాలని చూస్తే ధార వెనక గోడకు అంగుళం దూరంలో పడి, స్టీలు మీద జారుతుంది.

అందుకే డబుల్ బౌల్ అనుకున్నప్పుడు, ముఖ్యంగా 20 అంగుళాల బౌళ్లయితే, గొట్టం బయటికి లాగే రకం కుళాయి కూడా లెక్కలో వేసుకోండి. సైజులు వేరువేరైతే కుళాయి రంధ్రం సింకు నడుమ కాకుండా రెండు బౌళ్ల మధ్య గోడకు ఎదురుగా వేయించండి. ఈ మాట రాయి కోసేవాళ్లకు ముందే చెప్పాలి, కోశాక రంధ్రం జరగదు. సింగిల్ బౌల్‌కు ఈ బాధ లేదు. ధార జాలి దగ్గర పడితే చాలు.

మెట్టు 7: కింద పైపుల సంగతి

సింగిల్ బౌల్‌కు ఒక జాలి, ఒక ట్రాప్ (కొన్ని నీళ్లు నిలిచేలా వంచిన పైపు), ఒక పైపు. జాలి రంధ్రం నడుమ కాకుండా వెనక మూలకు ఉన్న సింకు దొరికితే తీసుకోండి. పైపు వెనక్కి వెళ్లిపోతుంది, చెత్తబుట్ట పెట్టుకోవడానికి ముందు జాగా మిగులుతుంది, పెద్ద గిన్నె పెట్టినా నీళ్లు పోయే దారి మూసుకుపోదు.

డబుల్ బౌల్‌కు రెండు జాలీలు. వాటిని టీ జాయింటుతో కలిపి ఒకే ట్రాప్‌లోకి దించాలి. ఒక్కో బౌల్‌కు ఒక్కో ట్రాప్ పెట్టి, ఆ రెంటినీ కలిపి మళ్లీ ఇంకో ట్రాప్‌లోకి దించితే రెండు నీటి అడ్డుల మధ్య గాలి ఇరుక్కుని నీళ్లు గుడగుడమంటూ నెమ్మదిగా దిగుతాయి. ట్రాప్‌లో 2 నుంచి 4 అంగుళాల ఎత్తున నీళ్లు నిలవాలి, మురుగు వాసన పైకి రాకుండా ఆపేది ఆ నీళ్లే. అడ్డంగా వెళ్లే పైపుకు అడుగుకు పావు అంగుళం వాలు ఉండాలి. ముడతల ఫ్లెక్సిబుల్ పైపు బిగించడం తేలికే, కానీ ఆ ముడతల్లో జిడ్డు పేరుకుంటుంది. వద్దనండి, నున్నటి గట్టి పైపే అడగండి.

చెత్త నలిపే యంత్రం పెట్టే ఆలోచన ఉంటే, డబుల్ బౌల్‌లో ఏ బౌల్ కింద పెడతారో ముందే తేల్చుకోండి. పైపు ముందు ఎక్కడైనా మూసుకుపోతే యంత్రం తోసిన మురికినీళ్లు పక్క బౌల్‌లో పైకి తేలతాయి. మీరు కూరగాయలు కడిగే బౌల్ అదే అయితే ఆ దృశ్యం మర్చిపోవడం కష్టం.

పాత సింకు తీసి లోతైనది వేస్తున్న వాళ్లు ఇంకో కొలత చూసుకోవాలి: గోడలోని మురుగు పైపు ఎత్తు. సింకు అడుగు కిందికి దిగితే ట్రాప్ కూడా దిగుతుంది. ట్రాప్ నుంచి బయటికి వచ్చే మూతి గోడలోని పైపు కంటే కొంచెమైనా పైన లేకపోతే నీళ్లు ఎక్కువెత్తుకు ఎక్కాల్సి వస్తుంది, అవి ఎక్కవు. గోడ పగలగొట్టాలి, లేదా తక్కువ లోతు సింకు తీసుకోవాలి.

మెట్టు 8: స్టీలు, మందం, మూలలు

ఇది ఏ బౌల్‌కైనా ఒకటే కాబట్టి ఎక్కువ సాగదీయను. 304 గ్రేడు స్టెయిన్‌లెస్ స్టీలు అడగండి. అందులో సుమారు 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉంటాయి. 202 గ్రేడులో నికెల్ తగ్గించి మాంగనీసు పెంచుతారు, తుప్పు మచ్చలు త్వరగా వస్తాయి. అయస్కాంతం అంటుకోకపోతే మంచి స్టీలని అమ్మేవాళ్లు పెట్టి చూపిస్తారు. ఆ పరీక్ష చాలదు. 202 కూడా అయస్కాంతానికి పెద్దగా అంటదు, అసలైన 304 కూడా వంచిన మూలల దగ్గర కాస్త అంటుతుంది. బిల్లు మీద గ్రేడు రాయించుకోవడమే నయం.

గేజి అంకె తగ్గేకొద్దీ మందం పెరుగుతుంది: 18 గేజి అంటే సుమారు 1.2 మిల్లీమీటర్లు, 16 గేజి సుమారు ఒకటిన్నర. వెడల్పైన సింగిల్ బౌల్‌కు మందం ముఖ్యం, ఎందుకంటే అంత పెద్ద అడుగు మధ్యలో ఆసరా లేకుండా ఉంటుంది. నడిమి గోడ ఉన్న డబుల్‌కు 18 గేజి చాలు. బౌల్ బయటి వైపు రబ్బరు ప్యాడ్లు, పూత ఉన్నాయో లేదో వంగి చూడండి. అవి గిన్నె పడ్డప్పుడు చప్పుడు తగ్గిస్తాయి, చల్లటి నీళ్లకు కింద చెమ్మ పట్టకుండా ఆపుతాయి.

మూలలు కచ్చితంగా తొంభై డిగ్రీల కోణంలో ఉన్నవి ఫొటోల్లో బాగుంటాయి. మెతుకూ జిడ్డూ ఆ మూలలోనే ఇరుక్కుంటాయి, పీచు వెళ్లదు, పాత టూత్‌బ్రష్ పట్టుకుని కూర్చోవాలి. డబుల్ బౌల్‌లో అలాంటి మూలలు ఎనిమిది. కాస్త గుండ్రం తిప్పినవి తీసుకోండి. అడుగు చదునుగా ఉంటే నీళ్లు నిలుస్తాయి, జాలి వైపు వాలు గానీ గాడులు గానీ ఉండాలి. షోరూంలో ఒక గ్లాసు నీళ్లు అడిగి మూలలో పోసి చూడటానికి మొహమాటపడకండి.

మెట్టు 9: రాయి కోసే ముందు, బిగించాక

సింకు ఇంటికి వచ్చాకే రాయి కోయించండి. కేటలాగు కొలతకు కోస్తే అసలు వస్తువు వచ్చాక అటూ ఇటూ అవుతుంది. పెట్టెలో కాగితపు టెంప్లేటు ఉంటుంది, దాన్ని రాయి మీద పరిచి, కుళాయి రంధ్రం కూడా గుర్తు పెట్టి, అప్పుడు కోయమనండి. అండర్‌మౌంట్ డబుల్ బౌల్‌కు కొందరు రెండు రంధ్రాలు కోసి, మధ్యలో సన్నటి రాతి పట్టీ వదులుతారు. ఆ పట్టీ బలహీనం, ఒప్పుకోకండి. ఒకటే రంధ్రం, నడుమ స్టీలు గోడ.

బరువు గురించి కూడా అడగండి. 28 అంగుళాల పొడవు, 16 వెడల్పు, 9 లోతు ఉన్న బౌల్ నిండితే 66 లీటర్లు, అంటే నీళ్ల బరువే 66 కిలోలు, గిన్నెలు అదనం. రాయి కింద సిలికాన్ జిగురు ఒక్కదాని మీద అంత బరువు వేలాడకూడదు. క్లిప్పులతో పాటు కింద రెండు పక్కలా చెక్క గానీ ఇనుప కోణం గానీ ఆసరా పెట్టించండి. పెద్ద సింగిల్ బౌల్‌కు ఇది తప్పనిసరి.

సిలికాన్ పూశాక ఒక రోజు తడి తగలనివ్వకండి. మరునాడు బిగించిన వాళ్లు వెళ్లేలోపే బౌల్‌కు మూత పెట్టి నిండా నీళ్లు పట్టండి. డబుల్ అయితే రెండూ. పావుగంట అలాగే వదిలి, కింద ప్రతి జాయింటు చుట్టూ పొడి కాగితం తిప్పండి. తర్వాత మూతలు రెండూ ఒకేసారి తీయండి. ఒక్కో చుక్కగా కారే జాయింటు కూడా ఇంత నీళ్లు ఒక్కసారిగా పోయేటప్పుడు బయటపడుతుంది. నీళ్లు దిగుతుండగా మళ్లీ కాగితం తిప్పండి. ఎక్కడ తడిస్తే అక్కడ నట్టు విప్పించి, వాషర్ సరిచేయించి, ఇంకోసారి నింపి చూశాకే మిగిలిన డబ్బు చేతికివ్వండి.